రాకాసి పడక

"ఆదివారం రాత్రి ఏడున్నరకి వెళ్లావు. తెల్లవారి అయిదింటికి వచ్చావు. ఆ మధ్యలో కల్లం దగ్గర కాపలా ఎవరు?"

"పీర్లు," అంది లాల్‌బీ.

పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. గుంటూరులో మిర్చి గోడౌన్లు తగలబడ్డప్పుడల్లా ఇన్సూరెన్సు వాళ్ల తరఫున వెళ్లి, అంటుకుందో అంటించారో తేల్చి రిపోర్టు రాయడం పదకొండేళ్లు నా పని. తర్వాత 'గౌస్ బాషా, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకుని నాలుగేళ్లు. ఈ పదిహేనేళ్లలో కాపలావాళ్లు చెప్పగలిగిన అబద్ధాలన్నీ విన్నాను కానీ, పీర్లని కాపలా పెట్టామన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

"నవ్వుతున్నావేంది అన్నా? నువ్వూ సాయిబువేగా."

"నవ్వడం లేదు. చెప్పు."

"పీర్ల పండగ గుండం రాత్రి మా ఊళ్లో ఎవరూ కల్లం కాయరు. మనవాళ్లయినా, హిందువులయినా. ఆ రాత్రి కాపలా పడుకుంటే పీర్ల మీద నమ్మకం లేనట్టేగా. మా అత్త కాలం నుంచీ అంతే, ఒక్క కాయ పోలేదు. మా ఆయన ఉస్మాను పెద్ద పీరెత్తుతాడు. ఆయన గుండం తొక్కుతుంటే నేను ఈడెట్టా కూచుంటా?"

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"చుట్టూ ఏడూళ్లకీ తెలుసు. మాస్టారి వెంట తిరిగే ఆ బెంగుళూరాయనకి కూడా తెలుసు. ఏ రాత్రి, ఎన్నింటికి పోతారు, ఎప్పుడొస్తారు అని నన్నడిగి మరీ రాసుకున్నాడు."

నాకు కావలసింది ఈ చివరి మాటే. పక్కన నిలబడ్డ అనూష వైపు చూశాను. ఆ అమ్మాయి కళ్లు నేల మీదే ఉన్నాయి.

అనూష ఒంగోలులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది. నన్ను పిలిపించింది తనే. వాళ్ల నాన్న మాలకొండయ్య రిటైరైన సోషల్ మాస్టారు. ముప్పై ఏళ్లుగా సెలవు దొరికితే మోపెడ్ మీద బయల్దేరి, ఈ తాలూకాలో ఏ పొలంలో ఏ పాతరాయి ఉందో, ఏ దిబ్బలో ఏ కుండపెంకు దొరికిందో నోటుబుక్కులకు ఎక్కించడమే ఆయన లోకం. ఊళ్లోవాళ్లు రాళ్ల మాస్టారు అంటారు. భార్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఉండేది తండ్రీ కూతుళ్లిద్దరే. ఆదివారం సాయంత్రం నాలుగింటికి "దిన్నె మీదికి వెళ్లొస్తానమ్మా" అని బయల్దేరిన మనిషి, ఇవాళ గురువారం మధ్యాహ్నం రెండైనా తిరిగి రాలేదు.

"బతికుంటే తీసుకురండి. లేకపోతే చూపించండి. అంతే సార్, మధ్యలో ఉంచొద్దు," అంది నన్ను పిలిచినరోజు. ఆ మాట నాతో అన్న మొదటి మనిషి కాదు. కానీ ఏడవకుండా అన్నది ఈ అమ్మాయి ఒక్కతే, అందుకే నాకు భయం వేసింది.

ఇక బెంగుళూరాయన. పేరు కామత్. పరిశోధన చేస్తున్నానంటూ ఆరునెలల కిందట దిగాడు. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు, నోటుబుక్కులు చూసి "ఇవి అచ్చు వేయించాలి మాస్టారూ" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి. పొంగిపోయిన మాస్టారు తనకి తెలిసిన ప్రతి చోటూ తీసుకెళ్లి చూపించాడు. ఆయన చూపించిన చోట్ల నుంచే ఒక్కొక్కటీ మాయమవడం మొదలైంది. ఒక వీరగల్లు, ఒక పూసల దండ, కుండలు. దొంగకి దారి చూపింది తనేనని మాస్టారుకి తెలిసేసరికి సంక్రాంతి వెళ్లిపోయింది. ఆదివారం నుంచి కామత్ కూడా ఒంగోలు లాడ్జికి రాలేదు. బట్టలు గదిలోనే ఉన్నాయి.

"బట్టలు వదిలేసి పారిపోయాడంటే ఎంత తొందరలో ఉన్నాడో చూడండి," అని అనూషకి చెప్పాను. నా తెలివి మీద నాకు అంత నమ్మకం.

"సరే లాల్‌బీ, అది చూపించు," అన్నాను.

దిన్నె అంటే కొండ కాదు. చేల మధ్య మనిషెత్తు లేచిన గట్టి నేల, ఎకరం ఉంటుంది. నీరు నిలవదు, నేల గట్టిది కాబట్టి మిరపకాయలు ఎండబెట్టడానికి ఇంతకంటే మంచి కల్లం ఈ చుట్టుపక్కల లేదు. అంచుల వెంట తలలు బయటపెట్టిన బండరాళ్లు గుండ్రంగా ఉన్నాయి. వాటి కింద ఏముందో తెలిసినా తెలియనట్టే ఊరు యాభై ఏళ్లుగా ఇక్కడ కాయలు ఎండబెడుతోంది. ఎర్రటి కాయలు మోకాలు మందాన దిన్నె నిండా పరిచి ఉన్నాయి. ఘాటు గొంతులో పట్టుకుంటోంది.

ఆ ఎరుపు మధ్యలో తెల్లగా ఒక మనిషి పడుకుని ఉన్నాడు.

మనిషి కాదు, కాయలే. ఎరుపు పోయి, పాలిపోయి, తాలుగా మారిన కాయలు. కానీ తల ఉంది. భుజాలున్నాయి. రెండు చేతులు పక్కలకి చాచి ఉన్నాయి. కాళ్లు కొద్దిగా విడిగా ఉన్నాయి. చుట్టూ పసుపు గీత గీసి, నాలుగు మూలలా వేపరెబ్బలు గుచ్చారు. గోడౌన్లలో కాలిపోయిన మనుషుల్ని చూశాను నేను, అప్పుడు కూడా ఇలా వెన్ను జలదరించలేదు.

"సోమవారం పొద్దున ఏమీ లేదు," అంది లాల్‌బీ గొంతు తగ్గించి. "మంగళవారానికి తల పడింది. బుధవారానికి చేతులొచ్చాయి. ఇయ్యాల కాళ్లు చూడు. రాకాసి పడక ఇది."

"అంటే?"

"ఈ కింద గూళ్లున్నాయిగా, రాకాసి గూళ్లు. అందులోవాళ్లు ఎప్పుడన్నా బయటికొచ్చి కాయల కింద పడుకుంటారు. పడుకున్నచోట తాలు పడుద్ది. ఉగాది దాకా ఆడ అడుగు పెట్టకూడదు, కాయ ముట్టకూడదు. ఉగాది వెళ్లాక ఏరి వాగులో కలపాలి. మా అత్త చెబితే మాస్టారు ఇదంతా బుక్కులో రాసుకున్నాడు."

"రాసుకోనీ," అన్నాను. మాస్టారు ఏం రాసుకున్నాడన్నది ఆ క్షణాన నాకు పట్టలేదు. "ఆ రోజు తెల్లవారి నువ్వు వచ్చేసరికి ఇంకేమైనా తేడా కనిపించిందా? ఏదైనా సరే."

కొంచెం ఆలోచించింది. "తాగే నీళ్ల కుండ ఖాళీగా ఉంది. నిండుకుండ పెట్టి పోయాను. చుక్క లేదు."

అంతే, నాకు బొమ్మంతా కట్టేసింది. అనూషని పక్కకి తీసుకెళ్లి, ఆగాగి చెప్పాను. తొందరపడి చెప్పే సంగతి కాదు.

"తాలు ఎందుకు పడుతుందో మీకు తెలుసు కదమ్మా. తేమ. ఈ నేల గట్టిది, ఎండి రాయిలా ఉంది. ఆ ఒక్క చోట మాత్రం కింది మట్టిని ఎవరో తిరగేశారు. లోపలి పచ్చి మట్టి పైకొచ్చింది. దాని మీద వెంటనే కాయలు లాగేశారు. మన ప్రాంతం మనిషైతే ఆ పని చచ్చినా చెయ్యడు. మట్టి ఆరేదాకా ఆగుతాడు, లేదా టార్పాలిన్ పట్టా పరుస్తాడు. ఇది కాయ సంగతి తెలియని బయటివాడి పని."

"గొయ్యి నలుపలకలుగా కదా ఉండాలి సార్," అంది అనూష. ఆమె కళ్లు ఇంకా ఆ తెల్లటి చేతుల మీదే ఉన్నాయి. "చేతులు, కాళ్లు ఎందుకొచ్చాయి?"

"తేమ ఎటు పాకితే అటు పాకుతుందమ్మా."

ఆ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఆగలేదు.

"కింద ఏ గూడు?" అని అడిగాను.

"నూట పదమూడు. నాన్న లెక్కలో ఈ దిన్నె మీద ఇంకా ఎవరూ తెరవని గూడు అదొక్కటే." ఆమె వంగి చేత్తో గాలిలో పెట్టెలా గీసి చూపించింది. "వేల ఏళ్ల నాటి సమాధి సార్. నాలుగు వైపులా రాతి పలకలు నిలబెడతారు. పైన ఒక పెద్ద పలక మూత. తూర్పు పలకకి గుండ్రంగా ఒక కంత పెడతారు. లోపలివాళ్లు రావడానికి, పోవడానికి అని నాన్న అంటారు." నా భుజాల వెడల్పు చూసి, "మనిషి పడతాడు సార్ అందులో," అంది.

పొద్దున్నే మేం పెట్టిన కబురుకి మూడింటికి సి.ఐ. వేణుగోపాల్ జీపు వచ్చింది.

ఈయనకీ నాకూ పాత పేచీ ఉంది. రెండేళ్ల కిందట ఒక కోల్డ్ స్టోరేజీ మంటల కేసులో షార్ట్ సర్క్యూట్ అని ఆయన రాశాడు, కిరసనాయిలు అని నేను రుజువు చేశాను. దాంతో ఆయనకి ఇటు బదిలీ అయింది. నన్ను చూసినప్పుడల్లా ఆయనకి ఆ బదిలీ కాగితం కనిపిస్తుందనుకుంటా.

"ఏం బాషా, దిన్నెకి కూడా ఇన్సూరెన్సు కట్టించావా?"

"ఇంకా లేదు సార్. ముందు తగలబడాలి కదా."

"ఈ అమ్మాయి బాధ చూసి ఏమీ అనడం లేదు నేను. మాస్టారు ఆదివారం రాత్రే వెళ్లిపోయాడు. రెండూ పదికి సింగరాయకొండ స్టేషను దగ్గర స్టాండులో మోపెడ్ పెట్టాడు, టోకెన్ మీద టైముంది. రెండూ నలభైకి మద్రాసు వైపు బండి ఉంది. స్టాండు మాబు సాహెబ్ చూశాడు. పెళ్లాం పోయింది, రిటైరయ్యాడు, మనసు విరిగింది. ఏడ్చుకుంటూ పోయాడు. కేసు అంతే."

"మాబు సాహెబ్ మొహం చూశాడా?"

"కండువా చుట్టుకున్నాడట."

"మాట్లాడాడా?"

"లేదు."

"మరి ఏడుస్తున్నాడని ఎలా తెలిసింది?"

"కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నీళ్లు ధారగా కారుతున్నాయి. దాన్నేమంటారు మీ గుంటూరులో?"

"మిరపకాయ అంటాం సార్," అన్నాను. పొద్దున స్టాండులో మాబు సాహెబ్ నోట ఈ సంగతి విన్నప్పటి నుంచీ ఈ మాట కోసం కాచుకుని ఉన్నాను, ఒప్పుకుంటాను. "ఇక్కడ పుట్టినవాడు కాయ ముట్టుకున్న చెయ్యి కంటి దాకా పోనివ్వడు. మూడేళ్ల పిల్లకి కూడా ఆ జ్ఞానం ఉంటుంది. కామత్‌కి లేదు. గొయ్యి తవ్వాడు, పూడ్చాడు, చేతులతో కాయలు లాగాడు, చెమట తుడుచుకున్నాడు. కళ్లు మండిపోయాయి. లాల్‌బీ కుండలో నీళ్లన్నీ కళ్లకి కొట్టుకున్నాడు. అయినా తగ్గలేదు. ఇక్కణ్ణించి స్టేషను ఇరవైరెండు కిలోమీటర్లు, మోపెడ్ మీద ముప్పావు గంట. ఒకటీ ఇరవై అయిదుకి బయల్దేరాడు. మొహం కప్పుకుని మాస్టారి బండి వదిలేసి రైలెక్కాడు. మాస్టారు ఎక్కడికీ వెళ్లలేదు సార్. ఇక్కడే ఉన్నాడు."

అనూష ఉన్నదని మరిచిపోయి చెప్పాను చివరి మాట. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

వేణుగోపాల్ సిగరెట్ పారేశాడు. "కథలు బాగానే అల్లుతావు. ఇది పురావస్తువుల నేల. తవ్వితే ఎవరి ఉద్యోగం పోతుందో తెలుసా?"

"ఈ అమ్మాయి అర్జీ మీద ఎమ్మార్వో గారు పొద్దున్నే ఇచ్చిన ఉత్తర్వు ఇది. మీ సమక్షంలో తవ్వమని ఉంది. మీరు వద్దంటే, వద్దన్నానని ఇక్కడే కింద రాసి సంతకం పెట్టండి. నేను వెళ్లిపోతాను."

కాగితం రెండుసార్లు చదివాడు.

"తవ్వకం అంటే మీకు అంత భయం ఎందుకు సార్?" అంది అనూష. ఆ గొంతు అప్పటిదాకా విననిది. "కామత్ ఈ దిన్నె తవ్వుతున్నాడని మా నాన్న మూడుసార్లు కంప్లైంటు రాసి తెచ్చాడు. స్టేషనులో తీసుకోకపోతే మీ ఇంటికే వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు కామత్ మీ వరండాలో కూర్చుని ఉన్నాడట. మీరే నవ్వుతూ, మాస్టారూ ఈ రాళ్లు ఏం చేసుకుంటారు అన్నారట."

"ఇంటికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టడం నేరమా?" అన్నాడు కానీ ఆ అమ్మాయి మొహం చూడలేదు. నా వైపు తిరిగాడు. "తవ్వు. కింద రాళ్లు తప్ప ఏమీ లేకపోయిందో, సాయంత్రానికి నువ్వు లాకప్‌లో ఉంటావు."

ఊరివాళ్లెవరూ పసుపు గీత దాటలేదు. గుండం మీద నడిచిన ఉస్మాన్ కూడా అంచు దగ్గరే నిలబడిపోయి, "నన్ను పిలవబాక అన్నా" అన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు, నేను. తాలు కాయలు పక్కకి లాగాం. అందులో ఒకడు శ్రీకాకుళం కుర్రాడు, కొత్తగా చేరాడు. రెండు నిమిషాల్లో చెమట తుడుచుకుని, కళ్లు మూసుకుని కూలబడ్డాడు. నీళ్లు ధారగా కారుతున్నాయి.

"చూశారా సార్?" అన్నాను వేణుగోపాల్‌తో. జీవితంలో అంత గర్వంగా నిలబడిన నిమిషాలు నాకు తక్కువ. అవి ఇంత తొందరగా అయిపోతాయని తెలిస్తే ఇంకొంచెం దాచుకునేవాణ్ణి.

మట్టి వదులుగా ఉంది. పార దిగబడిపోతోంది. మూడూ పదికి మొదలుపెడితే మూడూ యాభైకి మూడడుగుల లోతున పార రాయికి తగిలి ఖంగుమంది. మూత పలక. దాని తూర్పు వైపు మట్టి తీస్తే కంత కనిపించింది, మనిషి తల పట్టేంత. ఆ కంతలోంచి చల్లటి గాలి నా మోకాలికి తగిలింది. పైన మార్చి ఎండ మాడుతోంది. ఆ చలి ఎక్కడ నిల్వ ఉందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లాల్‌బీ నోట్లో ఏదో దువా చదువుకుంటోంది.

"నేను చూస్తాను," అంది అనూష.

వద్దన్నాను. వినలేదు. మట్టిలో బోర్లా పడుకుని టార్చి లోపలికి పెట్టి, తల కంతలో పెట్టింది. ఎంతసేపు ఉందో తెలియదు. ఆమె భుజాలు కదలడం లేదు. నాకు వింతగా అనిపించింది, ఆ రాయి ఆమె తలని పట్టుకుని వదలడం లేదేమోనని.

"కుండలున్నాయి," అంది లోపలి నుంచి. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంది. "అయిదు. తల దగ్గర వరసగా. కుడి చేతి పక్కన ఇనప కత్తి." టార్చి పక్కకి తిప్పి, "చెయ్యి కూడా ఉంది సార్," అంది.

పలుగులు పెట్టి ముగ్గురం మూత పలకని పక్కకి జరిపాం; ముందే కదిలించిన పలక, పలుగు ఒడుపు తెలిస్తే ఒక్కడు తోసినా జరిగేలా ఉంది. వాసన ఒక్కసారి మొహానికి కొట్టింది. నాలుగు రోజులుగా మిర్చి ఘాటు దాన్ని కప్పి ఉంచింది.

కిందన బూజుపట్టిన పాత ఎముకలు, వాటిని తాకకుండా ఒక పక్కగా కొత్త శవం. కుడి పక్కకి తిప్పి, మోకాళ్లు పొట్టలోకి ముడిచి, చేతులు దగ్గరగా చేర్చి పడుకోబెట్టారు. మొహం మీద తెల్లటి కండువా పరిచి ఉంది. చంపి పారేసినట్టు లేదు, నిద్రపుచ్చినట్టు ఉంది. ఎవరో చాలా శ్రద్ధగా, వేళ్లతో మట్టి తుడిచి మరీ పెట్టారు.

అనూష వైపు చూడకుండానే, "మీరు అటు తిరగండమ్మా," అన్నాను.

"అది మా నాన్న వాచీ కాదు," అంది ఆ అమ్మాయి.

వేణుగోపాల్ లాఠీతో కండువా తొలగించాడు. తల వెనక పగిలి ఉంది. మొహం ఉబ్బిపోయింది, అయినా గుర్తుపట్టగలిగేలా ఉంది. కామత్.

అనూష నేల మీద కూలబడింది. రెండు చేతుల్లో మొహం దాచుకుని, "నాన్న కాదు, నాన్న కాదు" అంటూ ఏడ్చింది. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి. నా సిద్ధాంతం మొత్తం గంగలో కలిసినా ఆ నిమిషం నాకు సంతోషమే కలిగింది, అబద్ధం చెప్పను. ఆ సంతోషం వేణుగోపాల్ నోరు తెరిచేదాకా ఉంది.

"ఇదేం పద్ధతి? ఈ కుండలేంటి, ఈ కాళ్లు ముడవడమేంటి? ఇలా ఎవరు పూడుస్తారు ఇవాళా రేపూ?"

అనూష ఏడుపు ఆగిపోయింది. చేతులు మొహం మీంచి మెల్లగా దించింది. ఆమె చూపు కుండల మీంచి కత్తి మీదికి, కత్తి మీంచి ముడిచిన మోకాళ్ల మీదికి వెళ్లింది. కాలేజీలో పిల్లలకి ఆ బొమ్మ ఎన్నిసార్లు గీసి చూపించిందో. ఆమెకి నేర్పింది ఎవరో నాకు చెప్పనక్కర్లేదు.

నాకు ఒక్కొక్కటే ఊడిపోవడం మొదలైంది. గొయ్యి తవ్వింది కామతే. కాపలా లేని రాత్రి అని రాసుకుని మరీ వచ్చి, గూడు దోచుకోవడానికి తవ్వుకున్నాడు. మాస్టారు వచ్చి పట్టుకున్నాడు, తల పగిలింది అప్పుడే. పచ్చిమట్టి మీద కాయలు లాగితే తాలు పడుతుందని ఆయనకి తెలియక కాదు. పడాలనే లాగాడు. కుండెడు నీళ్లు కళ్లు కడుక్కోవడానికి పోలేదు. మట్టి మీద తల గీసి, చేతులు గీసి, కాళ్లు గీసి పోశాడు. రాకాసి పడక మీద ఉగాది దాకా ఈ ఊళ్లో ఎవరూ అడుగు పెట్టరని తెలిసిన మనిషి. ఆ నమ్మకాన్ని ముసలామె నోటి వెంట విని రాసుకున్న మనిషి. బయటివాడి పొరపాటని నేను గెంతులు వేసినదంతా ఈ నేలని నాకంటే బాగా ఎరిగినవాడి పని.

ఇక ఆ స్టాండులో కారిన కన్నీళ్లకి మిరపకాయతో పని లేదు. యాభైతొమ్మిదేళ్లు ఒక చీమని కూడా నలపని మనిషి, కూతుర్ని ఒంటరిగా వదిలి పోతూ ఏడ్చాడు. అంతే. వేణుగోపాల్ మొదటి నుంచీ చెప్పింది అదే.

"సార్, అక్కడ," అన్నాడు శ్రీకాకుళం కానిస్టేబులు, కళ్లు నులుముకోకుండా ఉండలేక అవస్థ పడుతూ. అయిదో కుండ వెనక ఒక హార్లిక్స్ సీసా ఉంది. మూతకి మైనం పెట్టి మూశారు. లోపల ఒక చీటీ.

"పురావస్తువులవాళ్లు తవ్వి మళ్లీ పూడ్చేటప్పుడు పెడతారు, నాన్న సంచిలో ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది," అంది అనూష. మాట పొడిగా వచ్చింది. "ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో, తర్వాత తవ్వేవాళ్లకి తెలియడానికి."

సీసా తనే తీసింది. నేను ఆమె భుజం మీంచి చదివాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎక్కడా చెయ్యి వణకలేదు.

*గూడు నం. 113. తెరిచినది కామత్, 24-3-2002. మూసినది మాలకొండయ్య, అదే రాత్రి. పాత అస్థికలు ఒకరివి, కదిలించలేదు. కుండలు అయిదు, కత్తి ఒకటి: కామత్ సంచిలో కట్టినవి, తిరిగి వాటి చోటున పెట్టాను. కొత్తగా ఉంచినది: మగ, ఒకరు.*

*అనూ, ఇది తెరిచింది నువ్వే అయితే, ఫొటోలు తీయించేదాకా కుండలు కదలనివ్వకు.*

*గూడు నం. 114. తూర్పున పన్నెండు అడుగులు, తుమ్మచెట్టు కింద. కామత్ మొన్ననే ఖాళీ చేశాడు. అది సి.ఐ. వేణుగోపాల్ గారికి.*

"ఏం రాసుంది?" వేణుగోపాల్ చెయ్యి చాపాడు.

అనూష చీటీ మడిచి పిడికిట్లో పెట్టుకుంది. చింపేస్తే నేను చూడలేదనే చెప్పేవాణ్ణి. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుపడటం లేదు. ఆమె తండ్రి బతికున్నాడు. ఆమె నోరు మూసుకుంటే, ఎక్కడున్నా ఇంకొన్నాళ్లు స్వేచ్ఛగా ఉంటాడు. ఎదురుగా నిలబడ్డవాడు మూడుసార్లు ఆయన్ని గుమ్మంలోంచి తిప్పి పంపినవాడు. గూట్లో కుండల వైపు ఒకసారి చూసింది. తర్వాత పిడికిలి విప్పి, చీటీ ఆయన చేతిలో పెట్టింది.

"ఇవాళ ఇంటికి వెళ్లకండి సార్," అంది. "మా నాన్నకి మీ ఇల్లు తెలుసు."

వేణుగోపాల్ చదివాడు. చివరి లైను దగ్గర ఆగిపోయాడు. తుమ్మచెట్టు వైపు ఒకసారి చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో తనకే తెలిసినట్టు లేదు.

"ఇంట్లో మా పాప ఒక్కతే ఉంది," అన్నాడు. సి.ఐ. గొంతు కాదది. "మధ్యాహ్నం స్టేషనుకి ఫోన్ చేసింది. ఎవరో పెద్దాయన వచ్చాడు నాన్నా, నీతో మాట్లాడాలట అంది. ఎవరో అర్జీ పట్టుకొచ్చాడనుకున్నాను. లోపలికి పిలిచి కూర్చోబెట్టమన్నాను."